వంటయింటి ముచ్చట: పయనపు సద్ది

దసరా వెళ్లినది. వానలు వెనుకబట్టినవి. తెల్లవారుజామున దుప్పటి వెచ్చదనము హాయి గొలుపు దినములు వచ్చినవి. ఇట్టి దినములు వచ్చినతోడనే మా యింట పిల్లల పోరు మొదలగును. పూర్వము కార్తీకమాసమున ఉసిరికచెట్టు నీడకు వనభోజనమునకై పోయి, అచ్చటనే వండుకొని తిని, దీపాలవేళకు ఇల్లు చేరుచుంటిమి. నేటి పిల్లలకు ఆ యొక్క పూట చాలదు. రాత్రి గుడారములో పండుకొనవలెను, చుక్కలను లెక్కపెట్టవలెను, పక్షుల కూతలతో మేలుకొనవలెను. ఈ కోరికలో తప్పేమియు లేదు. కోఠి, సుల్తాన్ బజారు సందులలో మేడలమీద మేడల నడుమ పెరుగు బిడ్డకు, నేలమీద పండుకొని ఆకాశమును జూచుటయు నొక చదువే.

అట్టి విడిదిలో పిల్లలకు ఉదయపు ఫలహారముగా నేమి పెట్టవలెను, నడుమ చిరుతిండిగా నేమి యియ్యవలెను, దానిని ఎప్పుడు, ఎవరు సిద్ధపరుపవలెను అను విషయమును ఈ నెల మా సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని దీనిని సరిగా ఆలోచింపక పోయి మేము పడిన పాటు చిన్నది కాదు. ముందుగా దానినే చెప్పెదము.

మూడేండ్ల క్రిందట రెండు కుటుంబములవారము, అయిదుగురు పిల్లలతో, అనంతగిరికి పోయితిమి. నాంపల్లి స్టేషనున రైలెక్కినచో వికారాబాదు చేరవచ్చును. అచ్చటినుండి కొండ అయిదారు కిలోమీటర్లు మాత్రమే. మన మూసీనది పుట్టినచోటు అదియే. అనంతపద్మనాభస్వామి దేవాలయమును, చుట్టును దట్టమైన అడవియు కలవు. ఆ దరిదాపుల గుడారములు వేసి యిచ్చి, రాత్రి భోజనము పెట్టువారు నేడు పలువురు కలరు. మేము మాత్రము ఇంటిలోని వంటయిల్లంతయు వెంట గొనిపోయితిమి. చిన్న గ్యాస్ పొయ్యి, దోసెల పిండి, పెనము, ఉల్లిపాయల సంచి, కొబ్బరిపచ్చడి, పెరుగన్నము, ఇవిగాక మూడు రకముల కూరగాయలు.

మొదటినాటి మధ్యాహ్నమునకే పచ్చడి పులిసినది. పెరుగన్నము వాసన కొంచెము మాఱినను, పారవేయుటకు చేతులు రాక, "ఏమగును లే" యని చిన్నదానికి రెండు ముద్దలు పెట్టితిమి. అర్ధరాత్రి దానికి కడుపునొప్పి, వాంతులు. తెల్లవారువఱకు మేమిరువురము గుడారము బయట దానిని ఒడిలో నుంచుకొని కూర్చుంటిమి. మఱునాటి యుదయమున అది కోలుకొనినది. తక్కిన పిల్లలకు ఆకలి. గాలికి పొయ్యి నిలువదు; దోసె పెనమునకు అంటుకొనును; ఒకనికి పెట్టులోపల ఇంకొకడు ఏడ్చును. ఆ సమయమున మా పెద్దవాడు పరుగున వచ్చి, "అమ్మా, జెర రా! నెమలి వచ్చింది!" అని కొంగు పట్టి లాగినాడు. "ఉండరా, ఈ యొక్క దోసె తిప్పి వచ్చెద" నంటిమి. దోసె తిప్పి, మంట తగ్గించి, చేయి తుడుచుకొని పోవునప్పటికి నెమలి లేదు. పిల్లలందఱును చూచిరి, వారి తండ్రులును చూచిరి. చూడనివారము మేమిద్దఱు ఆడవారమే.

ఇంటికి వచ్చిన పిదప ఈ నెమలి మాట మాకు చాలదినములు మనసున మెదలుచుండెను. ఇంటిల్లిపాదియు విహరించి, తల్లి మాత్రము పొయ్యి విడువకున్నచో, అది వంటయిల్లు చోటు మాఱుటయే కాని విహారము కాదు. అట్లని అంగడిలో దొరకు పొట్లములన్నియు సంచి నిండ నింపుకొని పోవుదమన్నచో, రెండు దినములు ఉప్పును, నూనెయు, చక్కెరయు తిని పిల్లలు దాహముతో, మందకొడితనముతో తిరిగివత్తురు. ఈ రెండును గాక మూడవ దారి యొకటి కలదు. అది మన పెద్దవారు ఎఱిగినదే. దానికి పేరు సద్ది.

తెలంగాణమున పొలమునకు పోవువాడు సద్ది కట్టుకొని పోవును. కృష్ణా, గోదావరీ మండలములవారు దానిని చద్ది యందురు. బమ్మెర పోతన భాగవత దశమస్కంధమున, బాలకృష్ణుడు గోపబాలురతో గూడి ఇసుకతిన్నెపై చల్దులారగించు ఘట్టము కలదు. పిల్లలు బయట కూర్చుండి మూటలు విప్పి తినుటలోని సంబరము నిన్న మొన్న పుట్టినది కాదని దానివలన తెలియును. ఇక బతుకమ్మ తొమ్మిదవనాటికి సద్దుల బతుకమ్మ యనియే పేరు. ఆనాడు చెఱువుగట్టునకు కొనిపోవు సద్దులలో చింతపండు పులుసుతో కలిపినది, నిమ్మకాయ పిండినది, నువ్వులపొడి కలిపినది, మలీద ముద్దలు ఉండును. ఆ రాత్రి ఆడవారు ఆడిపాడి, సద్దిమూట విప్పి పంచుకొని తిందురు. ఆ చెఱువుగట్టున ఎవ్వరును పొయ్యి పెట్టరు! ఆడవారి పండుగను ఏర్పఱచిన పెద్దలు ఈ కిటుకు ఎఱిగినవారే.

కాబట్టి మేము చెప్పదలచినది ఒక్కటే. పని యంతయు ఇంటివద్ద ముగియవలెను. అచ్చట మిగిలినది నీరు కాచుటయు, కలుపుటయు మాత్రమే కావలెను. ఆ రెండును పిల్లలు, పురుషులు చేయగలిగినవే.

ఏది ముందు, ఏది వెనుక

పయనపు తిండికి ఒక్క సూత్రము చాలును: త్వరగా చెడునది ముందు తినవలెను, నిలువయుండునది చివరకు దాచవలెను. తడి గలది ముందు, పొడిగా నున్నది వెనుక. దీనికి కారణమును తెలిసికొనుట మంచిది. వండిన అన్నములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు చావక నిలిచియుండవచ్చును. ఉడుకుటచే వానికి హాని లేదు. అన్నము గోరువెచ్చగా గంటలకొలది యుండినచో అవి మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. సూక్ష్మజీవులు 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమనున్న వేడిమిలో త్వరత్వరగా పెరుగును. అందుచే పులుపుగాని, పొడిదనముగాని లేని వంటకమును రెండు గంటలకు మించి మూటలో నుంచరాదు. ఎండ మిక్కుటమైనచో ఒక్క గంటయే. మాకు కలిగిన పెరుగన్నపు కష్టమున కంతకును మూలమిదే.

చింతపండు, నిమ్మకాయల పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను మందగింపజేయును. కావుననే మన పెద్దలు ప్రయాణమునకు పులిహోరను కట్టిరి. కాని పులుపున్నదను ధైర్యముతో దానిని రాత్రివఱకు దాచుట తగదు. ఉదయము కట్టినది మధ్యాహ్నమునకు ముగియవలెను. మిగిలినచో, ప్రాణము విసవిసలాడినను, పిల్లలకు పెట్టరాదు.

రెండు దినముల విడిదికి మా వరుస యిట్లున్నది. బయలుదేరిన నాటి యుదయము రైలులో, కారపుపొడియు నూనెయు అద్దిన ఇడ్లీలు. మధ్యాహ్నము పులిహోర, అరటిపండ్లు. సాయంకాలము చుడువా. రాత్రి భోజనము విడిదివారిదే. మఱునాటి యుదయము వేడినీటి ఉప్మా, పిల్లలకు సత్తుపిండి. తిరుగుప్రయాణమున మలీద ముద్దలు, బత్తాయిపండ్లు. ఇడ్లీలకు కొబ్బరిపచ్చడి వలదు, పొడియే మేలు. ఇడ్లీలను పూర్తిగా చల్లాఱనిచ్చి డబ్బాలో పెట్టవలెను. వేడిమీద మూత పెట్టినచో ఆవిరి నీరై దిగి, జిగురు కట్టును.

సరకులు

కోఠిలో కాపురముండువారికి ఈ సరకులకై దూరము పోవలసిన పని లేదు. పుట్నాలు, పల్లీలు, ఎండుకొబ్బరి, అటుకులు, బెల్లము బేగంబజారున దొరకును. మూత బిగువుగా పట్టు స్టీలు డబ్బాలును అచ్చటనే. డబ్బా కొనునపుడు నీరు పోసి, మూతపెట్టి తలక్రిందులు చేసి చూడుడు. అంగడివాడు విసుగుకొన్నను వెనుదీయవలదు. కరివేపాకు, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు బడీచౌడీలో ఉదయముననే తాజాగా నుండును. 1935లో రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్టు ఒకప్పుడు నగరమునకెల్ల పండ్ల సంత. పిల్లలను అటు తీసికొనిపోయి, తమ పండ్లను తామే ఏరుకొననిచ్చినచో, విడిదిలో వానిని వదలక తిందురు. పైతొక్క ఒలిచి తిను పండ్లే ప్రయాణమునకు తగినవి. కోసిన ముక్కలు కొనరాదు.

ఈ క్రింది కొలతలు ఇద్దఱు పెద్దలకును, ముగ్గురు పిల్లలకును సరిపోవును.

వేడినీటి ఉప్మా

బొంబాయిరవ్వ 500 గ్రాములు, నూనె ఆఱు పెద్ద చెంచాలు, ఆవాలు, జీలకఱ్ఱ ఒక్కొక్క చిన్న చెంచా, సెనగపప్పు, మినపపప్పు రెండేసి పెద్ద చెంచాలు, ఎండుమిరపకాయలు నాలుగు, కరివేపాకు రెండు రెబ్బలు, ఉప్పు రెండున్నర చిన్న చెంచాలు. కరివేపాకును ముందునాడే కడిగి, బట్టపై ఆఱబెట్టవలెను. మూకుడులో నూనె కాగిన పిదప పోపు వేసి, పప్పులు ఎఱ్ఱబడగా కరివేపాకు వేసి, కఱకఱలాడువఱకు వేయింపుడు. తడి మిగిలినచో రవ్వ నిలువయుండదు. పిదప రవ్వ పోసి, సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువఱకు, సుమారు పదిపండ్రెండు నిమిషములు, విడువక కలుపుడు. ఉప్పు కలిపి దింపి, పూర్తిగా చల్లాఱిన పిదప డబ్బా కెత్తుడు. ఇది రెండు వారములు చెడదు. ఉల్లిపాయ, అల్లము, పచ్చిమిర్చి ఇందులో వేయరాదు.

విడిదిలో ఒక గ్లాసు పొడికి రెండున్నర గ్లాసుల నీరు. నీరు తెర్లునపుడు పొడిని కొంచెము కొంచెముగా పోయుచు కలిపి, మూడు నిమిషములు సన్నసెగపై నుంచి, మూతపెట్టి దింపి, అయిదు నిమిషములు ముట్టకుండుడు. చివర నిమ్మకాయ పిండుడు. చేసిన పొడిలో సగముకంటె కొంచె మెక్కువ ఒక యుదయమునకు చాలును. మిగిలినది ఇంటివద్ద, తీఱిక లేని సోమవారమునాడు అక్కఱకు వచ్చును.

పిల్లల సత్తుపిండి

పుట్నాలు 200 గ్రాములు, రాగిపిండి 100 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, బెల్లపుపొడి 150 గ్రాములు, ఏలకులు నాలుగు. రాగిపిండిని పొడిమూకుడులో పచ్చివాసన పోయి రంగు మాఱువఱకు బాగుగా వేయింపుడు. నువ్వులను చిటపటలాడు వఱకు వేయించి చల్లార్పుడు. పుట్నాలను, ఏలకులను మెత్తగా పొడిచేసి, నువ్వులను చివర రెండు తిప్పులు మాత్రము తిప్పుడు. ఎక్కువైనచో నూనె దిగి ముద్ద కట్టును. అన్నియు కలిపి జల్లించి డబ్బాలో పోయవలెను.

విడిదిలో మూడు పెద్ద చెంచాల పిండికి, కాచిన వేడిపాలుగాని నీరుగాని పోసి, అరటిపండు సగము మెదిపి కలిపినచో, ఒక బిడ్డకు గిన్నెడు ఫలహారము. పాలు దొరకుట కష్టమైనచో పాలపొడి తీసికొనిపోవుడు. మా చిన్నది ఇంట దీనిని ముట్టలేదు. విడిదిలో తన గిన్నె తానే కలుపుకొని రెండుమాఱులు తిన్నది. తాను చేసినదను గర్వమే దానికి తియ్యదనము.

పులిహోర

బియ్యము 400 గ్రాములకు చింతపండు 60 గ్రాములు. ముందునాటి రాత్రి చింతపండు చిక్కగా పిసికి, పసుపు, ఉప్పు, రవ్వంత బెల్లము, నాలుగు చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి, నూనె పైకి తేలువఱకు ఉడికించుడు. పల్లీలు, సెనగపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టి దానిలో కలుపుడు. ఈ పులుసుముద్ద యుండగా ఉదయము పని అన్నము వండుటయే. అన్నము పలుకుగా వార్చి, వెడల్పైన పళ్లెములో పలుచగా పఱచి, విసనకఱ్ఱతో త్వరగా చల్లార్చి, పులుసు పట్టించుడు. గుట్టగా నుంచి చల్లాఱుటకై కాచుకొని కూర్చుండరాదు. చెడుట అచ్చటనే మొదలగును. కలుపునపుడు చేయి పొడిగా, శుభ్రముగా నుండవలెను.

అటుకుల చుడువా

పలుచని అటుకులు 250 గ్రాములు, పల్లీలు, పుట్నాలు 75 గ్రాముల చొప్పున, పలుచగా తఱిగిన ఎండుకొబ్బరి 50 గ్రాములు, నూనె నాలుగు పెద్ద చెంచాలు. అటుకులను ఒకపూట యెండలో పెట్టి, సన్నసెగపై విఱిగిన చప్పుడు వచ్చువఱకు వేయించి తీయుడు. నూనెలో పల్లీలు, కొబ్బరి, పుట్నాలు, ఎండుమిర్చి, కరివేపాకు వరుసగా వేసి, దింపి, పసుపు, ఉప్పు, ఒక చెంచా పంచదార కలిపి, అటుకులను పట్టించుడు. అటుకులను నూనెలో వేయింపలేదు కావున ఇది కడుపునకు తేలిక. ఒక పెద్ద డబ్బాలో పోయక, ఆఱు చిన్న డబ్బాలలో పోయుడు. మేము పెద్దడబ్బా మూత రాత్రియెల్ల తెఱచి మఱచితిమి. తెల్లవారుసరికి మంచుకు మెత్తబడి, ఎవ్వరును ముట్టలేదు. సకినాలు కూడ ఇట్టి తిండియే, కాని సంచిలో నలిగి నుగ్గగును. పైన బరువు లేనిచోట పెట్టగలిగిననే తీసికొనిపోవుడు.

మలీద ముద్దలు

గోధుమపిండి 250 గ్రాములతో గట్టిగా కలిపి, కొంచెము మందముగా చపాతీలు ఒత్తి, నూనె వేయక రెండువైపుల బాగుగా కాల్చుడు. వేడి తగ్గినతోడనే తుంచి, రోటిలోగాని మిక్సీలోగాని పొడిచేసి, 150 గ్రాముల బెల్లము, ఏలకులపొడి, రెండు పెద్ద చెంచాల నెయ్యి వేసి దంచి, ముద్దలు కట్టుడు. నీరుగాని, పాలుగాని తగులరాదు. బయలుదేరు ముందునాటి రాత్రి చేసినది విడిది రెండవనాటి సాయంకాలపు తిరుగుప్రయాణమువఱకు చక్కగా నుండును. దుమ్ములోను, రైలులోను పళ్లెము, చెంచా లేకుండ తినుటకు దీనిని మించినది లేదు.

నీరు, నిప్పు, చిన్నపిల్లలు

తిండి యెంత శుద్ధముగా నున్నను, నీరు చెడినచో వ్యర్థము. వాగునీరు తేటగా కనిపించినను త్రాగరాదు. నీటిని బుడగలు పైకి పొంగునట్లు ఒక నిమిషమైనను తెర్లనిచ్చి, మూతపెట్టి చల్లార్పుడు. మందుల అంగడిలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు సంచిలో నుండవలెను. అవి లేనిచో, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి, కలిపి గుక్కగుక్కగా పట్టింపవలెను. ఉప్పు ఎక్కువైనచో హాని కావున కొలత తప్పరాదు. బిడ్డ మగతగా నున్నను, నీరు నిలువకున్నను, మూత్రము తగ్గినను తెల్లవారువఱకు ఆగక వైద్యుని కడకు గొనిపోవలెను.

అయిదేండ్లు నిండని పిల్లలకు పల్లీలు, పుట్నాలు గింజలుగా పెట్టరాదు. నవ్వుచు, పరుగెత్తుచు తినునపుడు అవి గొంతులో అడ్డుపడి ప్రాణాపాయము కలిగించును. వారి చుడువాలో గింజలు ఏరివేయుడు. వెంట వచ్చు పొరుగుపిల్లలకు పల్లీలుగాని, నువ్వులుగాని పడవేమో ముందుగానే వారి తల్లుల నడుగుడు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకింపరాదు.

గుడారము లోపల పొయ్యిగాని, బొగ్గుల కుంపటిగాని ఎన్నడును వెలిగింపరాదు. చలికి తలుపు మూసి కుంపటి పెట్టుకొన్నచో, కంటికి కనబడని, వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును. రక్షితారణ్యములో నిప్పు రగిల్చుట చట్టరీత్యా నేరము. మాఘ ఫాల్గుణములనుండి వేసవివఱకు మన తెలంగాణ అడవులలో ఆకులు రాలి ఎండియుండును. ఒక నిప్పురవ్వ కొండనెల్ల దహింపగలదు. విడిదివారు చూపినచోటనే నీరు కాచుకొనుడు.

అనంతగిరిలో కోతులు మెండు. తిండి సంచులను చెట్టుకు వ్రేలాడదీయుట వానికి పిలుపు పంపుటయే. డబ్బాలు మూతవేసి పెట్టెలో నుంచవలెను. పిల్లలు సరదాకై వానికి తిండి వేయకుండ చూచుకొనవలెను. తినుటకు మోదుగాకుల విస్తళ్లు తీసికొనిపోవుడు. ఒకమాఱు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములను, చెంచాలను 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించినారు గదా! చెత్తయంతయు ఒక సంచిలో కట్టి తిరిగి తెచ్చుట పిల్లల కప్పగింపదగిన పని.

పని పంపకము

ఇన్ని చెప్పిన పిదప, "ఇదంతయు ముందునాటి రాత్రి ఒక్క ఆడుదియే చేయవలెనా?" యని మా సోదరీమణులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. పొయ్యి దగ్గఱ పని విడిదినుండి ఇంటికి మాఱి, అంతయు ఒక్కరి భుజములపైననే పడినచో, మేము చెప్పినదానికి అర్థము లేదు. కావున పనిని వారమునకు పఱచుడు. ఆదివారము ఉప్మాపొడి, సత్తుపిండి, బుధవారము చుడువా, శుక్రవారము రాత్రి పులుసుముద్ద, మలీద. పుట్నాలు ఏరుట, పిండి జల్లించుట, బెల్లము కొట్టుట, ముద్దలు కట్టుట ఎనిమిదేండ్ల బిడ్డయు చేయగలదు. మగపిల్లలను ఈ పనినుండి తప్పింపవలదు. రేపు వారు దూరదేశమున ఒంటరిగా చదువుకొనునపుడు, ఈనాడు నేర్చిన పోపే వారిని కాపాడును. విడిదిలో నీరు కాచి ఉప్మా కలుపు బాధ్యతను ఇంటి పురుషునికి బయలుదేరుటకు ముందే అప్పగింపుడు. అచ్చటికి పోయిన పిదప అడిగినచో, "నీకైతే అలవాటు గదా" యను జవాబు వచ్చును!

గత సంవత్సరము కార్తీకమున మరల అనంతగిరికే పోయితిమి. ఈమాఱు రెండు సంచులు మాత్రమే. రెండవనాటి యుదయము మా యింటివారు నీరు కాచిరి. ఉప్పు సరిపోలేదు, ఉప్మా ఒకచోట గడ్డకట్టినది, ఎవ్వరును ఫిర్యాదు చేయలేదు. పిల్లలు తమ గిన్నెలు పట్టుకొని రాళ్లపై వరుసగా కూర్చుండి సత్తుపిండి కలుపుకొనిరి. మేమును, మా వదినయు చాప పఱచుకొని, కొండక్రింది మంచు మెల్లమెల్లగా విడిపోవుట చూచుచు కూర్చుంటిమి. చాలసేపు చూచితిమి. ఆనాడు నెమలి రాలేదు. వచ్చినచో చూచుటకు మాత్రము సిద్ధముగా నుంటిమి.

మీ యింట ప్రయాణమునకు తరతరములుగా కట్టుచున్న సద్ది యేదైన నున్నచో, కొలతలతో మాకు వ్రాసి పంపుడు. కోఠినుండి పోవు బిడ్డలకు కోనసీమ చద్దియు, రాయలసీమ రాగిముద్దయు తెలియవలసినవే గదా! వచ్చు నెలలో చలికాలమున పిల్లలకు పెట్టవలసిన నువ్వుల వంటకములను గుఱించి ముచ్చటింతుము.